తుపాను తర్వాత తెగిన మాటను కలపడం: హ్యామ్ రేడియో వలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత నగరంలో కరెంటు, సెల్‌ఫోన్లు, ల్యాండ్‌లైన్లు దాదాపు ఒకేసారి మూగబోయాయి. సెల్ టవరు కూలకపోయినా దానికి కరెంటు అందదు, బ్యాటరీ కొన్ని గంటల్లో అయిపోతుంది, జనరేటరుకు డీజిలు తెచ్చే దారి చెట్లు పడి మూసుకుపోతుంది, టవర్ల మధ్య ఉన్న ఫైబర్ కేబుళ్లు స్తంభాలతో పాటు తెగిపోతాయి. అలాంటి వేళ ఏ మండలంలో ఏం కావాలో జిల్లా కేంద్రానికి తెలియదు, జిల్లా కేంద్రం ఏం పంపిందో మండలానికి తెలియదు. పోలీసుల వైర్‌లెస్ పనిచేస్తున్నా, ఆసుపత్రి, పునరావాస కేంద్రం, విద్యుత్ సంస్థ, రెవెన్యూ యంత్రాంగం అడిగే వందలాది ప్రశ్నలను ఆ ఒక్క వ్యవస్థ మోయలేదు. శిక్షణ పొందిన హ్యామ్‌లు, అంటే లైసెన్సుతో, అభిరుచిగా సొంత రేడియో స్టేషన్లు నడిపేవారు, ఉపయోగపడేది ఈ ఖాళీలోనే.

ఈ సేవ చేయాలనుకునే చాలామంది మొదట అడిగే ప్రశ్న ఏ రేడియో కొనాలన్నది. నా దృష్టిలో అది నాలుగో ప్రశ్నో అయిదో ప్రశ్నో అవుతుంది. విపత్తులో హ్యామ్ చేసే అసలు పని ఒకరి మాటను అక్షరం మారకుండా సరైన వ్యక్తికి చేర్చి, దానికి జవాబు తిరిగి తేవడం. రేడియో, యాంటెన్నా, బ్యాటరీ అన్నీ ఆ పని కోసమే. అందుకే ఈ మార్గదర్శి అనుమతి, పరిచయాలతో మొదలవుతుంది, పరికరాలు వాటి తర్వాతే వస్తాయి.

మొదటి మెట్టు: లైసెన్సు, అధికార అనుమతి

మన దేశంలో అమెచ్యూర్ రేడియో (హ్యామ్ రేడియో) లైసెన్సును కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఇస్తుంది. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నిబంధనలు అనే రెండు భాగాలతో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష ఉంటుంది, జనరల్ గ్రేడ్ కోరేవారికి అదనంగా మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) పరీక్ష పెడతారు. దరఖాస్తులు సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా తీసుకుంటున్నారు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వారి కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వీయూ3తోనూ, జనరల్ గ్రేడ్ వారిది వీయూ2తోనూ మొదలవుతుంది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ పరీక్షలకు శిక్షణ ఇస్తూ, విపత్తు సేవల్లో కూడా దశాబ్దాలుగా పనిచేస్తున్న సంస్థ కాబట్టి తెలుగువారికి అక్కడినుంచి మొదలుపెట్టడం సులభం.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే హ్యాండీ సెట్లు (చేతి రేడియోలు) కొని, లైసెన్సు లేకుండా సహాయక చర్యల పేరుతో ప్రసారం చేయడం చట్టవిరుద్ధం, పైగా ప్రమాదకరం. ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతున్నామో తెలియనివారు పోలీసు, అగ్నిమాపక శాఖల ఛానళ్ల మీద పడి, కాపాడడానికి వచ్చినవారి మాటకే అడ్డు తగులుతారు.

లైసెన్సు వచ్చాక తెలుసుకోవలసిన నియమం ఇంకొకటి ఉంది. హ్యామ్‌లు మామూలు రోజుల్లో తమ సొంత సంభాషణలకే పరిమితం కావాలి, ఇతరుల సందేశాలు మోయడానికి ఆంక్షలు ఉన్నాయి. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు అమెచ్యూర్ స్టేషన్లు అత్యవసర పరిస్థితుల్లో, విపత్తు సహాయంలో ఇతరుల తరఫున అంతర్జాతీయ సందేశాలు పంపవచ్చని స్పష్టం చేసింది, హ్యామ్‌లను ముందుగా సిద్ధం చేసుకోవాలని ప్రభుత్వాలకు సూచించింది కూడా. కాబట్టి విపత్తు వేళ సంబంధిత అధికారి కోరిక మేరకు పనిచేస్తున్నామనే కాగితం మీ దగ్గర ఉండాలి. ఆ కాగితాన్ని తుపాను వచ్చాక సంపాదించడం చాలా కష్టం.

రెండో మెట్టు: పిలుపు రాకముందే పరిచయం

విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. మీ జిల్లాలోని హ్యామ్‌లు ఒక బృందంగా ఏర్పడి, ఎవరి దగ్గర ఏ రేడియో ఉందో, ఎవరు ఎన్ని రోజులు ఇల్లు వదిలి రాగలరో రాసుకుని, ఆ జాబితాను కలెక్టరేటులోని విపత్తు విభాగానికి అందజేయాలి. ప్రతి ఏటా అక్టోబరు, నవంబరు తుపానుల కాలానికి ముందు దాన్ని సవరించాలి, ఎందుకంటే అధికారులు బదిలీ అవుతుంటారు, కిందటేడు మిమ్మల్ని చూసిన అధికారి ఈ ఏడు వేరే జిల్లాలో ఉండవచ్చు. కంట్రోల్ రూమ్ భవనంలో యాంటెన్నా ఏ కిటికీ గుండా లోపలికి వస్తుందో, రేడియో బల్ల ఎక్కడ వేస్తారో, జనరేటరు ఏ గదులకు కరెంటు ఇస్తుందో ఎండాకాలంలోనే వెళ్లి చూసుకోవాలి.

పిలవకుండా వెళ్లకూడదు. రేడియో భుజాన వేసుకుని విపత్తు ప్రాంతానికి సొంతంగా బయలుదేరిన వలంటీరుకు తిండి, నీళ్లు, పడక కూడా అక్కడివారే చూడాల్సి వస్తుంది. పిలుపు అందాక ఎవరికి రిపోర్ట్ చేయాలో, ఎన్ని రోజులకు బదులు మనిషి వస్తారో తెలిసిన తర్వాతే కదలాలి.

ముందే సిద్ధంగా ఉండడం ఎంత విలువైనదో 2004లో అండమాన్‌లో తేలింది. ఏళ్ల తరబడి హ్యామ్‌లకు అనుమతి దొరకని ఆ దీవుల్లో, భారతీ ప్రసాద్ నాయకత్వంలో హైదరాబాదు సంస్థకు చెందిన బృందం ఆ డిసెంబరులో వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచ హ్యామ్‌లతో మాట్లాడుతోంది. 26వ తేదీ ఉదయం భూకంపం, వెంటనే సునామీ వచ్చాయి. ఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుంచి అదే బృందం అవే రేడియోలతో ప్రధాన భూభాగానికి సమాచారం పంపింది, తర్వాత కార్ నికోబార్‌తో కూడా రేడియో సంబంధం ఏర్పరచి బతికి ఉన్నవారి క్షేమ వార్తలు చేరవేసింది. ఆ బృందం విపత్తు కోసం వెళ్లినది కాదు. అయినా యాంటెన్నాలు నిలబడి ఉన్నాయి, ఏ వేళ ఏ బ్యాండు (ఫ్రీక్వెన్సీల శ్రేణి) ఎటు అందుతుందో అప్పటికే రోజుల తరబడి చేసిన సంభాషణల వల్ల తెలుసు, స్థానిక అధికారులకు వారి ముఖాలు తెలుసు. ఈ మూడింటినీ మన జిల్లాలో ముందుగా సమకూర్చుకోవడమే రెండో మెట్టు.

మూడో మెట్టు: దూరాన్ని బట్టి బ్యాండు

ఒకే ఊళ్లోనో ఒకే మండలంలోనో మాట్లాడడానికి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న రెండు మీటర్ల బ్యాండు సరిపోతుంది. చేతిలో పట్టుకున్న అయిదు వాట్ల హ్యాండీ ఇళ్ల మధ్య కొన్ని కిలోమీటర్లకు మించి అందదు. అదే రేడియోను మేడ మీద పది మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు కలిపితే, గోదావరి, కృష్ణా డెల్టాల్లాంటి చదునైన నేల మీద ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు రావచ్చు. సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే రిపీటరు ఉంటే పరిధి ఇంకా పెరుగుతుంది కానీ రిపీటరు కూడా ఏదో కొండ మీద కరెంటుతో, బ్యాటరీతో నడిచే యంత్రమే. అది ఆగిపోయిందనుకునే ప్రణాళిక వేసుకోవాలి, పనిచేస్తే సంతోషం.

జిల్లా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ, 3 నుంచి 30 మెగాహెర్ట్జ్) కావాలి. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇరవై మీటర్ల (14 మెగాహెర్ట్జ్) బ్యాండులో జపాన్, యూరప్ దేశాలతో స్పష్టంగా మాట్లాడే స్టేషన్ పక్క జిల్లాకు వినిపించదు, ఎందుకంటే ఆ తరంగం అయనోమండలం నుంచి వెనక్కి వచ్చి నేలను తాకేది దూరతీరాల్లోనే, మధ్య ప్రాంతమంతా నిశ్శబ్ద వలయం. మనకు కావలసింది తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపి, అది గొడుగులా చుట్టూ మూడు, నాలుగు వందల కిలోమీటర్ల మేర కిందికి పడేలా చేయడం. దీనికి పగలు ఏడు మెగాహెర్ట్జ్ (నలభై మీటర్ల బ్యాండు), రాత్రి పూట 3.5 మెగాహెర్ట్జ్ (ఎనభై మీటర్ల బ్యాండు) ప్రాంతం అనుకూలం. చీకటి పడ్డాక నలభై మీటర్ల బ్యాండులో పక్క జిల్లా మాయమై దూరదేశాలు వినిపించడం మొదలైతే, అది రేడియో చెడిపోవడం కాదు, ఎనభై మీటర్లకు మారవలసిన వేళ అయిందన్నమాట. నెట్‌లో, అంటే స్టేషన్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో కలుసుకునే రేడియో సమావేశంలో, ఈ మార్పిడి సమయాన్ని ముందే ప్రకటించి ఉంచాలి.

అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ అత్యవసర కార్యకలాపాలకు కొన్ని కేంద్ర ఫ్రీక్వెన్సీలను సూచించింది. మన ప్రాంతానికి 3.600, 7.110 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతటికీ 14.300, 18.160, 21.360 మెగాహెర్ట్జ్. ఎక్కడో విపత్తు జరిగినట్టు తెలిస్తే, సహాయం చేయని మిగతా హ్యామ్‌లు ఈ ఫ్రీక్వెన్సీల చుట్టుపక్కల మామూలు సంభాషణలు పెట్టుకోకుండా ఉండడమే వారు చేయగల పెద్ద సేవ.

నాలుగో మెట్టు: యాంటెన్నా

తుపాను గాలి తర్వాత నిలబడగలిగేది సంచిలో చుట్టి పెట్టుకున్న తీగ యాంటెన్నా ఒక్కటే. ఖరీదైన బీమ్ యాంటెన్నాలు మేడల మీద ఉన్నవారు గాలి రాకముందే వాటిని దించుకోవాలి, దించలేకపోతే పోయిందనుకోవాలి.

నలభై మీటర్ల బ్యాండుకు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే, రెండు సమాన చేతుల తీగ యాంటెన్నా) తయారీకి లెక్క సులభం. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 20.1 మీటర్లు, అంటే మధ్యలో కోయాక్స్ (రేడియోను యాంటెన్నాకు కలిపే కేబుల్) కలిపే చోటినుంచి ఒక్కో వైపు పది మీటర్ల పైచిలుకు. కోసేటప్పుడు ఒక్కో వైపు ముప్ఫై సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి, ఎత్తున కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో (యాంటెన్నా నుంచి పవరు ఎంత వెనక్కి వస్తోందో చూపే పరికరం) చూస్తూ రెండు కొసలనూ సమానంగా కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. 3.6 మెగాహెర్ట్జ్‌కు మొత్తం పొడవు దాదాపు నలభై మీటర్లు అవుతుంది. ఇన్సులేటర్లుగా పాత ప్లాస్టిక్ పైపు ముక్కలు సరిపోతాయి, తాడు మాత్రం నైలాను, పాలిస్టరు రకం ఉండాలి, ఎందుకంటే నూలు తాడు వానలో తడిసి సాగుతుంది.

ఎత్తు విషయంలో చాలామంది అలవాటుకు విరుద్ధమైన మాట చెప్పాలి. జిల్లాల మధ్య మాట్లాడడానికి డైపోల్‌ను వీలైనంత పైన కట్టకూడదు. ఏడు మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు నలభై రెండు మీటర్లు, దానిలో పదో వంతు నుంచి నాలుగో వంతు వరకు, అంటే నాలుగు నుంచి పది మీటర్ల ఎత్తు చాలు. తుపాను తర్వాత పునరావాస కేంద్రంగా మారే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జెండా స్తంభం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దాని పైకి జెండా తాడుతో డైపోల్ మధ్యభాగాన్ని లాగి, రెండు కొసలను ఆవరణలోని చెట్లకో ప్రహరీ గోడకో దించి కడితే తలకిందుల వీ ఆకారంలో మంచి యాంటెన్నా అవుతుంది. ప్రసారం జరిగేటప్పుడు కొసల దగ్గర వోల్టేజి ఎక్కువగా ఉంటుంది, తాకితే చర్మం కాలుతుంది. కేంద్రంలో పిల్లలు పరిగెడుతుంటారు కాబట్టి కొసలు మనిషి చేతికి అందని ఎత్తులో ఉండాలి, వాటికి రంగు గుడ్డ పీలికలు కట్టాలి.

కరెంటు తీగల కింద గానీ, పైన గానీ, పక్కన గానీ యాంటెన్నా కట్టకూడదు. ఊరంతా కరెంటు లేదు కదా అనే ధీమా పనికిరాదు. మరమ్మతు సిబ్బంది ఏ క్షణాన్నైనా సరఫరా ఇవ్వవచ్చు, లేదా ఎవరో తమ ఇంటి జనరేటరును సరిగా వేరు చేయకుండా నడిపితే ఆ కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి వస్తుంది. నేల మీద పడి ఉన్న ప్రతి తీగలోనూ కరెంటు ఉందనే అనుకోవాలి.

అయిదో మెట్టు: బ్యాటరీ లెక్క

వంద వాట్ల హెచ్‌ఎఫ్ రిగ్ (రేడియో సెట్) వింటున్నప్పుడు సుమారు ఒక ఆంపియరు, మాట్లాడేటప్పుడు గరిష్ఠంగా ఇరవై ఆంపియర్లు లాగుతుంది. ఎస్‌ఎస్‌బీలో (హెచ్‌ఎఫ్‌లో గొంతు పంపే పద్ధతి) స్వరం ఎత్తుపల్లాల వల్ల సగటు పది ఆంపియర్ల దగ్గర ఉంటుంది. రోజులో పదో వంతు సమయం మాట్లాడతామనుకుంటే, వినడానికి ఇరవై నాలుగు, మాట్లాడడానికి ఇంకో ఇరవై నాలుగు, మొత్తం దాదాపు యాభై ఆంపియర్ అవర్లు కావాలి. లెడ్ ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కనుక, ఒక్క రోజుకే వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలన్నమాట. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే తేలిక, సామర్థ్యంలో ఎక్కువ భాగం వాడుకోవచ్చు, ధర ఎక్కువ. వంద వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు పాతిక, ముప్ఫై ఆంపియర్ అవర్లు ఇస్తుంది, కానీ తుపాను మబ్బు విడిపోని మొదటి రెండు రోజులూ దాని మీద ఆశ పెట్టుకోకూడదు. అన్నిటికంటే చవకైన మార్గం పవరు తగ్గించుకోవడం. పాతిక వాట్లతో అవతలివారికి వినిపిస్తున్నప్పుడు వంద వాట్లు వాడడం రేపటి సందేశాన్ని ఇవాళే తగలెయ్యడమవుతుంది.

బ్యాటరీ తీగలో ప్లస్, మైనస్ రెండు వైపులా బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజులు ఉండాలి. చవక సోలార్ కంట్రోలర్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు హెచ్‌ఎఫ్‌లో విపరీతమైన రొద పుట్టిస్తాయి. ఏది ఎంత రొద చేస్తుందో ఇంట్లోనే ఒక్కొక్కటి వేసి, ఆపి చూసుకోవాలి. జనరేటరును గది లోపల గానీ వరండాలో గానీ నడపకూడదు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సంచిలో మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు: లైసెన్సు నకళ్లు, పెన్సిళ్లు, కాగితాలు, తల దీపం, అదనపు కోయాక్స్, కనెక్టర్లు, టేపు, మూడు రోజుల తిండి, నీళ్లు, ఓఆర్‌ఎస్, సొంత మందులు. పెన్నుకు బదులు పెన్సిల్ ఎందుకంటే తడి కాగితం మీద కూడా రాస్తుంది. హెడ్‌ఫోన్ తప్పనిసరి. పునరావాస కేంద్రంలో స్పీకరు పెట్టి వింటే, పక్క ఊరి గురించి సగం విన్న మాట పది నిమిషాల్లో కేంద్రమంతా పాకి భయం రేపుతుంది.

ఆరో మెట్టు: హెచ్చరిక వచ్చాక

భారత వాతావరణ విభాగం తుపాను సమాచారాన్ని నాలుగు దశల్లో ఇస్తుంది. తీరానికి ప్రతికూల వాతావరణం మొదలవుతుందనుకున్న వేళకు కనీసం 48 గంటల ముందు వచ్చే అప్రమత్తతతో మీ బృందం బ్యాటరీలు నింపుకుని, వాహనాల్లో ఇంధనం పోయించుకుని, కంట్రోల్ రూమ్‌తో ఒకసారి మాట్లాడాలి. 24 గంటల ముందటి హెచ్చరిక నాటికి కలెక్టరేటులో ఒక స్టేషన్ పనిచేస్తుండాలి, ఫోన్లు పనిచేస్తున్నా సరే. ఫోన్లు ఉండగానే అన్ని స్టేషన్ల ఫ్రీక్వెన్సీలు, ప్రత్యామ్నాయ ఫ్రీక్వెన్సీలు, కలుసుకునే సమయాలు రాసిన ఒకే కాగితం అందరి చేతికీ చేరాలి. గాలి బలంగా ఉన్న గంటల్లో ఎవరూ బయటికి వెళ్లకూడదు, యాంటెన్నా పడిపోతే పడిపోనివ్వాలి. తుపాను కన్ను పైనుంచి వెళ్లేటప్పుడు గాలి హఠాత్తుగా ఆగుతుంది, అది ముగింపు కాదు, రెండో వైపు గాలి మళ్లీ అంతే బలంతో వస్తుంది.

ఏడో మెట్టు: నెట్ నడపడం

విపత్తు నెట్‌కు ఒకే యజమాని ఉంటారు, ఆ స్టేషన్‌నే నెట్ కంట్రోల్ అంటాం. నెట్ కంట్రోల్ బాగా దెబ్బతిన్న చోట ఉండకపోవడం మంచిది. కాస్త దూరంలో, స్థిరమైన కరెంటు, మంచి యాంటెన్నా ఉన్న చోటినుంచి అందరినీ వినగలిగిన అనుభవజ్ఞులు ఆ బాధ్యత తీసుకోవాలి, వారికి బదులుగా ఇంకొకరు మొదటినుంచీ వింటూ అదే లాగ్ (సంభాషణల చిట్టా) రాస్తూ ఉండాలి.

స్టేషన్లు కాల్‌సైన్, ఉన్న చోటు, దగ్గర ఉన్న సందేశాల సంఖ్య, వాటి ప్రాధాన్యం చెప్పి నెట్‌లో చేరతాయి. నెట్ కంట్రోల్ పిలిచినప్పుడే మాట్లాడాలి. ఇద్దరి మధ్య పొడవైన సందేశం ఉంటే వారిని పక్క ఫ్రీక్వెన్సీకి పంపి, ముగిశాక తిరిగి రమ్మనాలి. ప్రతి ప్రసారం తర్వాత రెండు సెకన్లు ఆగాలి, ఎందుకంటే ఆ ఖాళీలోనే బలహీనమైన స్టేషన్ 'బ్రేక్' అనగలుగుతుంది. ప్రాణాపాయం ఉన్న సందేశం ఎప్పుడైనా, ఎవరి మధ్యనైనా చొరబడవచ్చు. ఎవరికీ వినిపించని చోట చిక్కుకున్న స్టేషన్ కోసం మధ్యలో ఉన్నవారు రిలే చేస్తారు, అంటే విని తిరిగి పంపుతారు. ఏమీ చెప్పాల్సింది లేనివారు మౌనంగా వింటూ ఉండడం కూడా డ్యూటీయే. నిజానికి నెట్‌లో ఎక్కువమంది చేయవలసింది అదే.

ఎనిమిదో మెట్టు: సందేశం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోవాలి. నోటి మాటగా వచ్చినదాన్ని రేడియోలో నోటి మాటగా పంపకూడదు. మొదట కాగితం మీద రాయాలి, పంపినవారికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, ఆ తర్వాతే మైకు పట్టుకోవాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి మీ దగ్గరికి వచ్చి, 'పాము కాటు మందు అయిపోయింది, పంపమని చెప్పండి' అన్నారనుకుందాం. వరద నీటితో పాములు ఇళ్లలోకి చేరే డెల్టా గ్రామాల్లో ఇది చాలా సహజమైన అవసరం. ఆ మాటను అలాగే పంపితే అవతలివైపు నుంచి ఎన్ని, ఏ రకం, ఎక్కడికి అని మూడు ప్రశ్నలు వస్తాయి, ఒక్కో ప్రశ్నకు అరగంట పోతుంది. కాబట్టి ఆ మూడూ మీరే అప్పుడే అడిగి, ఇలా రాసుకోవాలి:

సందేశం సంఖ్య: 14
ప్రాధాన్యం: అత్యవసరం
సమయం: 13వ తేదీ, 06:40, భారత కాలమానం
ఎవరికి: జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్
ఎవరి నుంచి: వైద్యాధికారి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఊరు, మండలం
మాటల లెక్క: 14
సందేశం: పాము కాటు విరుగుడు మందు పొడి రూపంలో వయల్స్ ఇరవై కావాలి ఇక్కడ కరెంటు లేదు ఫ్రిజ్ పనిచేయదు

మధ్యలో రిలే చేసే వ్యక్తికి 'పొడి రూపంలో' అనే రెండు మాటలు అనవసరంగా అనిపించవచ్చు. ఆయన తన తెలివితో సందేశాన్ని కుదించి 'పాము కాటు మందు ఇరవై కావాలి' అని పంపితే, చల్లగా ఉంచవలసిన ద్రవ రూపం మందు బయలుదేరి, ఫ్రిజ్ లేని ఊళ్లో పాడైపోతుంది. సందేశంలో ఏది ముఖ్యమో ఆపరేటరుకు తెలియనవసరం లేదు, తెలుసని అనుకోవడమే ప్రమాదం. మాటల లెక్క ఉండేది ఇందుకే. తీసుకున్న వ్యక్తి రాసుకున్న మాటలు పద్నాలుగు కాకపోతే, ఎక్కడో జారిపోయిందని ఇద్దరికీ తెలుస్తుంది, వెంటనే తిరిగి చదివించుకోవచ్చు.

ఒక సందేశంలో ఒక అవసరమే ఉండాలి. మందు వైద్య శాఖకు, పడవ రెవెన్యూకు, తెగిన తీగ విద్యుత్ సంస్థకు వెళ్లాలి. మూడూ ఒకే కాగితం మీద ఉంటే మొదటి బల్ల దగ్గరే ఆ కాగితం ఆగిపోతుంది. ప్రాధాన్యాన్ని పంపేవారే నిర్ణయించాలి కానీ అన్నిటికీ 'అత్యవసరం' అని పెట్టించుకోకుండా, ప్రాణాపాయం ఉంటే అత్యవసరం, కొన్ని గంటల్లో జరగాల్సినదైతే ప్రాధాన్యం, బంధువుల యోగక్షేమమైతే క్షేమ సమాచారం, మిగిలినవి సాధారణం అని ఆపరేటరు వారికి వివరించాలి.

అంకెల విషయంలో తెలుగు నెట్‌లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. రొదలో 'మూడు', 'ఏడు' రెండూ చివరి 'డు' మాత్రమే వినిపించి ఒకటిగా తోస్తాయి. అందువల్ల సంఖ్యను ఒకసారి తెలుగులో చెప్పి, వెంటనే ఒక్కో అంకెనూ ఇంగ్లీషులో విడివిడిగా చెప్పడం మంచి అలవాటు: 'ముప్ఫై ఏడు, త్రీ, సెవెన్'. ఊరి పేరును మండలం, జిల్లా లేకుండా ఎన్నడూ పంపకూడదు. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లున్న ఊళ్లు జిల్లాకు ఒకటైనా ఉంటాయి. అక్షరాలు విడదీయాల్సి వస్తే ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే అంతర్జాతీయ అక్షరమాలే వాడాలి, ఎందుకంటే కాకినాడ హ్యామ్ చెప్పేది ఒడిశా హ్యామ్‌కు కూడా అర్థం కావాలి. సెల్ సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లోని జీపీఎస్ పనిచేస్తుంది, చోటును అక్షాంశ రేఖాంశాలతో పంపితే హెలికాప్టరుకు, పడవకు వెతుకులాట తగ్గుతుంది. ఇతర రాష్ట్రాల సిబ్బంది ఉన్న జాతీయ విపత్తు స్పందన దళానికి వెళ్లే సందేశాన్ని పంపేవారి చేతనే హిందీలోనో ఇంగ్లీషులోనో రాయించాలి, ఆపరేటరు అనువదించకూడదు. హ్యామ్‌ల లాగ్‌లో అలవాటైన యూటీసీ సమయానికీ మన గడియారానికీ అయిదున్నర గంటల తేడా ఉంది కనుక సందేశంలో ఏ కాలమానమో రాయకపోతే రోజే మారిపోవచ్చు.

వదంతులను ఆపేది కూడా ఈ కాగితమే. 'చెరువు కట్ట తెగిందట' అని ఎవరైనా అంటే, ఆ మాట అన్నది ఎవరు, కళ్లారా చూశారా, విన్నారా, ఎన్ని గంటలకు అని అడిగి రాయాలి. పేరు చెప్పి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ వార్త గాలిలోకి వెళ్లకూడదు. అధికారికి నేరుగా చెప్పి, వారినే సరిచూడమనాలి.

తొమ్మిదో మెట్టు: క్షేమ సమాచారాలు, గోప్యత

మొదటి రోజు గడిచాక బయటి ఊళ్లలో ఉన్న పిల్లల నుంచి, విదేశాల్లోని తెలుగువారి నుంచి 'మా అమ్మానాన్నలు క్షేమమా' అనే ప్రశ్నలు వెల్లువెత్తుతాయి. అవి హృదయాన్ని తాకుతాయి, కానీ వాటిని అత్యవసర నెట్‌లోకి రానిస్తే పాము కాటు మందు వరుసలో వెనక్కి పోతుంది. క్షేమ సమాచారాలకు వేరే ఫ్రీక్వెన్సీ, వేరే ఆపరేటర్లు ఉండాలి. లోపలికి ప్రశ్నలు పంపడం కంటే లోపలినుంచి బతికి ఉన్నవారి జాబితాలు బయటికి పంపడం ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను ప్యూర్టో రికోను ఛిద్రం చేశాక, అమెరికన్ రెడ్‌క్రాస్ కోరిక మీద అమెరికా హ్యామ్‌ల సంఘం పంపిన ఇరవై రెండు మంది వలంటీర్ల ప్రధాన పనుల్లో ఒకటి ఇదే, బాధితుల క్షేమ వివరాలు సేకరించి రెడ్‌క్రాస్ వ్యవస్థలో చేర్చడం. పొడవైన జాబితాలకు గొంతు కంటే విన్‌లింక్ లాంటి డిజిటల్ పద్ధతి మేలు, విపత్తు ప్రాంతం బయట ఉన్న స్టేషన్ ద్వారా అవి మామూలు ఈమెయిళ్లుగా చేరతాయి.

హ్యామ్ ప్రసారాలను ఎవరైనా వినగలరు, రహస్య సంకేతాల్లో పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి మరణించినవారి పేర్లు, రోగుల వ్యాధి వివరాలు గొంతుతో చదవకూడదు. ఆ సమాచారం అధికారుల సొంత మార్గంలో వెళ్లాలి. విలేకరులు అడిగితే మీ స్టేషన్ ఏం చేస్తోందో చెప్పవచ్చు, సందేశాల్లో ఏముందో మాత్రం చెప్పకూడదు.

పదో మెట్టు: మనిషి నిలబడడం, స్టేషన్ మూసివేయడం

రేడియో దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు. ఆరు గంటలకోసారి మారాలి, పన్నెండు దాటి ఎవరినీ కూర్చోనివ్వకూడదు. అలసిన ఆపరేటరు ముందుగా పోగొట్టుకునేది వినికిడి కాదు, ఓపిక, అది గొంతులో అవతలివారికి వెంటనే తెలిసిపోతుంది. వరద నీటిలో చెప్పులు లేకుండా నడవడం, కాచని నీళ్లు తాగడం అనే రెండు పొరపాట్లు ఒక ఆపరేటరును రోగిగా మార్చడానికి చాలు.

ఇవన్నీ పేజీ మీద చదివి వచ్చేవి కావు. వారానికొక సాయంత్రం స్థానిక నెట్‌లో పాతిక మాటల సందేశం రాసి పంపడం, మూడు నెలలకోసారి ఇంటి కరెంటు వాడకుండా పాఠశాల ఆవరణలో రోజంతా స్టేషన్ నడపడం బృందానికి అలవాటు కావాలి. ఆ అభ్యాసంలో ఒక సందేశాన్ని ముగ్గురి ద్వారా రిలే చేయించి, చివరి కాగితాన్ని మొదటి కాగితం పక్కన పెట్టి చూస్తే, ఏ మాటలు జారిపోతున్నాయో అందరికీ కనిపిస్తుంది.

ఫోన్లు తిరిగి పలకడం మొదలయ్యాక స్టేషన్‌ను సొంతంగా కట్టేయకూడదు. మిమ్మల్ని పిలిచిన అధికారి చాలని చెప్పాక, నెట్ కంట్రోల్ అనుమతితో, సమయం లాగ్‌లో రాసి మూయాలి. లాగ్ నకలును కంట్రోల్ రూమ్‌కు ఇచ్చి, అసలును బృందం దాచుకోవాలి. ఉప్పు గాలికి గురైన కనెక్టర్లను ఇంటికి రాగానే విప్పి తుడవాలి, నల్లబడినవాటిని మార్చాలి, బ్యాటరీలను అదే రోజు ఛార్జింగ్‌లో పెట్టాలి.

యాంటెన్నా దించే ముందు చేయాల్సిన పని ఒకటుంది. లాగ్ మొదటి నుంచి తిరగేసి, జవాబు రాని సందేశాలను, ఎవరికీ బట్వాడా కాని సందేశాలను విడిగా తీయాలి. ప్రతి దానికీ పంపిన వ్యక్తిని వెతికి పట్టుకుని, మీ సందేశం ఫలానా చోటి వరకు వెళ్లింది, అక్కడినుంచి ముందుకు పోలేదు అని ముఖాముఖి చెప్పాలి. ఫోన్లు వచ్చేశాయి కాబట్టి ఆ వైద్యాధికారో, ఆ వీఆర్వోనో ఇప్పుడు నేరుగా అడగగలరు, కానీ తమ మాట చేరిందనే నమ్మకంతో ఉన్నంతవరకు వారు అడగరు. ఆ జాబితాలో చివరి పేరు కొట్టేశాకే జెండా స్తంభం నుంచి తీగ విప్పాలి.